మూతపడిన ఉక్కు కర్మాగారాలను జాతీయ వారసత్వంగా కాపాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మూతపడిన ఉక్కు కర్మాగారాన్ని తుక్కుకు అమ్మకుండా నిలబెట్టాలన్న మాట ఎక్కడ వచ్చినా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తాయి. కొన్ని ఆసక్తితో అడిగేవి, కొన్ని కోపంతో అడిగేవి. రెండింటికీ జవాబు చెప్పాల్సిందే. ప్రశ్నలను దశలవారీగా పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తి కాబట్టి ఎక్కడి నుంచైనా చదవవచ్చు.

## మూతపడే ముందు, మూతపడగానే

తుప్పు పట్టిన పాత ఇనుప సామాను వారసత్వం ఎలా అవుతుంది?

కోటలు, గుళ్లు ఎవరు కట్టించారో మనకు తెలుసు. రైలు పట్టాలకు, వంతెనలకు, ఓడలకు కావలసిన లోహం ఎక్కడ, ఎవరి చేతుల మీదుగా తయారైందో చెప్పే ఆనవాళ్లు మాత్రం చాలా తక్కువ. అబ్రహాం డార్బీ 1709లో కట్టెబొగ్గుకు బదులు కోక్‌తో (గాలి తగలకుండా కాల్చిన రాతిబొగ్గుతో) ఇనుము కరిగించిన కొలిమి ఇంగ్లండులోని కోల్‌బ్రూక్‌డేల్‌లో ఇప్పటికీ ఉంది. ఆ చుట్టుపక్కల ఐరన్‌బ్రిడ్జ్ లోయను యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. స్వీడన్‌లోని ఎంగెల్స్‌బర్గ్ 1993లో, జర్మనీలోని ఫోల్క్‌లింగెన్ 1994లో, వేల్స్‌లోని బ్లైనావన్ 2000లో ఆ జాబితాలోకి వెళ్లాయి. అందం చూసి ఇచ్చిన గుర్తింపు కాదది. మనిషి బతుకును మార్చిన పని అక్కడ జరిగింది, ఆ పని ఎలా జరిగిందో ఆ యంత్రాలే చూపిస్తాయి.

ఫ్యాక్టరీ మూతపడబోతోందని తెలిసింది. అన్నిటికన్నా ముందు ఏం చేయాలి?

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. చివరి షిఫ్టు నడుస్తుండగానే వీడియో తీయాలి, శబ్దాలు రికార్డు చేయాలి. డ్రాయింగులు, లాగ్ పుస్తకాలు, ప్రమాదాల రిజిస్టర్లు, కంట్రోల్ రూమ్‌లో గోడకు అంటించిన చేతిరాత సూచనలు, అన్నిటినీ లెక్క రాసి ఒకచోట చేర్చాలి. కాగితాలు మొదటి వారంలోనే మాయమవుతాయి. ఆ తర్వాత రాగి తీగలు, ఇత్తడి వాల్వులు, మోటార్లు పోతాయి.

రెండో పని, యజమానితో రాతపూర్వకంగా మాట్లాడటం. తుక్కు కాంట్రాక్టు మీద సంతకం అయ్యాక ఒక్క పైపును ఆపాలన్నా డబ్బుతో పని. సంతకానికి ముందు ఒక జాబితా పంపి, వీటిని ఆరు నెలల పాటు ముట్టుకోవద్దని అడగడానికి ఖర్చేమీ ఉండదు.

మూడోది నీళ్లు. పైకప్పులోంచి వాన దిగకుండా, గోతులు నిండకుండా చూసుకునే మనిషి ఒకరైనా జీతం మీద మిగలాలి. పంపులు ఆగిపోతే నేల కింది సొరంగాలన్నీ కొన్నాళ్లలోనే మునిగిపోతాయి.

తర్వాతెప్పుడైనా మళ్లీ నడుపుకోవచ్చు కదా, ఇప్పుడే మ్యూజియం మాట ఎందుకు?

బ్లాస్ట్ ఫర్నేస్, అంటే వేడిగాలి ఊది ఖనిజం నుంచి ఇనుము తీసే పెద్ద కొలిమి, దీపంలా ఆర్పి వెలిగించేది కాదు. ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. ఆపినప్పుడు అడుగున మిగిలిన కరిగిన ఇనుమును బయటికి తీయకపోతే అక్కడే గడ్డకడుతుంది. బొగ్గును కోక్‌గా మార్చే కోక్ ఓవెన్ల సంగతి ఇంకా కఠినం. వాటి గోడలు సిలికా ఇటుకలతో కడతారు. చల్లారేటప్పుడు ఆ ఇటుక పరిమాణం మారి గోడలు పగుళ్లు ఇస్తాయి. చల్లారిన ఓవెన్ల వరుసను తిరిగి వేడి చేయడం కంటే కొత్తది కట్టడమే నయం అన్నంత పని అవుతుంది. మళ్లీ నడుస్తుందన్న ఆశతో పదేళ్లు తాళం వేసి ఉంచిన చోట ఉత్పత్తీ మొదలు కాదు, వారసత్వమూ మిగలదు.

వందల ఎకరాల కర్మాగారం మొత్తం ఉంచలేం. ఏది ఉంచాలి, ఏది వదలాలి?

పని నడిచిన వరుసను ఉంచాలి. ఈ ఒక్క సూత్రం వదలకపోతే చాలు. ఖనిజం ఎక్కడ దిగింది, కోక్ ఎలా చేరింది, పైకి ఎలా ఎక్కింది, వేడిగాలి ఎక్కడి నుంచి వచ్చింది, కరిగిన ఇనుము ఎటు పోయింది? ఈ గొలుసులో లంకెలు తెగకుండా ఎంత చిన్న ముక్క ఉంచినా దానికి అర్థం ఉంటుంది. ఫోల్క్‌లింగెన్ విలువంతా ఇక్కడే ఉంది. ఒకే వరుసలో 6 బ్లాస్ట్ ఫర్నేసులు, వాటికి గాలి ఊదిన యంత్రాల హాలు, కోక్ ప్లాంటు, ఖనిజాన్ని పైకి లాగిన వాలు మార్గం ఒకదాని పక్కన ఒకటి మిగిలాయి. పశ్చిమ యూరప్‌లో, ఉత్తర అమెరికాలో ఇంత సమగ్రంగా నిలిచిన ఇనుప కర్మాగారం మరొకటి లేదని యునెస్కో రాసింది.

ఒకే రకం షెడ్లు పది ఉంటే ఒకటి ఉంచి మిగిలినవి వదిలేయవచ్చు. గాలి యంత్రాలను తుక్కుకు అమ్మేసి బయటి గోడను ఉంచడం మాత్రం గుండె తీసేసి చొక్కా దాచుకోవడం.

గుర్తుగా ఒక చిమ్నీ ఉంచితే సరిపోదా?

అమెరికాలో పిట్స్‌బర్గ్ దగ్గర హోమ్‌స్టెడ్ కర్మాగారం 1986లో మూతపడింది. దాని స్థానంలో షాపింగ్ కేంద్రం వచ్చింది. 12 పొగగొట్టాలు మాత్రం వరుసగా నిలబడి ఉన్నాయి. దూరం నుంచి గంభీరంగానే కనిపిస్తాయి. వాటి కింద ఏం మండేదో, ఎవరు చెమటోడ్చారో కొత్తగా వచ్చిన మనిషికి తెలియదు. నదికి అవతలి ఒడ్డున అదే కర్మాగారానికి ఇనుము పంపిన క్యారీ ఫర్నేసుల్లో 6, 7 నంబర్లవి మిగిలాయి. 1907లో కట్టిన ఆ కొలుముల కిందకు వెళ్లి తల పైకెత్తితే ఎవరూ వివరించకుండానే సగం అర్థమవుతుంది. చిమ్నీ అసలే లేకపోవడం కంటే మేలే, కానీ దానితో తృప్తిపడి ఊరుకోవద్దు.

## రక్షిత హోదా కోసం

జాతీయ వారసత్వంగా ప్రకటిస్తే ఇక ఎవరూ కూల్చలేరా?

చాలామంది ఇలాగే నమ్ముతారు, మోసపోయేదీ ఇక్కడే. హోదా పేరు ఒకటే అయినా దేశాన్ని బట్టి దాని బలం మారుతుంది.

అమెరికాలో చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టర్‌లో పేరుంటే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) డబ్బుతోనో అనుమతితోనో జరిగే పనులకు ముందుగా సమీక్ష తప్పనిసరి. సొంతదారు తన సొంత డబ్బుతో కూల్చుకుంటే ఆ హోదా ఒక్కటే ఆపలేదు. అక్కడి ఉక్కు కంపెనీ బెత్లెహేమ్ స్టీల్ ప్రధాన కార్యాలయం మార్టిన్ టవర్ 2010లో ఆ రిజిస్టర్‌లో చేరింది. 2019 మే నెలలో దాన్ని పేల్చి నేలమట్టం చేశారు.

ఇంగ్లండులో కథ ఇంకా బాధాకరం. రెడ్‌కార్ ఉక్కు కర్మాగారంలోని డోర్మన్ లాంగ్ టవర్‌కు 2021 సెప్టెంబరులో అత్యవసరంగా రక్షణ హోదా ఇచ్చారు. కొద్ది రోజులకే ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. అదే నెల 19న టవర్‌ను కూల్చేశారు. అక్కడి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 2022 నవంబరులో పేల్చేశారు.

కాబట్టి దరఖాస్తు పెట్టేముందు మీ దేశ చట్టంలో మూడు విషయాలు చూడండి. కూల్చివేతకు ఎవరి అనుమతి కావాలి, మరమ్మతు బాధ్యత ఎవరిది, హోదా రద్దు చేసే అధికారం ఎవరి చేతిలో ఉంది?

యునెస్కో జాబితా, జాతీయ స్మారకం, వారసత్వ ప్రాంతం అంటారు. తేడా ఏమిటి?

యునెస్కో జాబితా ప్రపంచ గుర్తింపు. పేరు ప్రతిపాదించాల్సింది ప్రభుత్వమే, రక్షణ కూడా ఆ దేశ చట్టమే ఇవ్వాలి. జాతీయ స్మారకం ఒక నిర్దిష్టమైన కట్టడానికో స్థలానికో చట్టం ఇచ్చే హోదా. చెక్ రిపబ్లిక్‌లోని ఒస్ట్రావా నగరంలో వీట్కోవిత్సె కర్మాగారం 1998లో ఇనుము తీయడం ఆపింది. 2002లో జాతీయ సాంస్కృతిక స్మారకం అయింది.

వారసత్వ ప్రాంతం వేరు. అమెరికాలో కాంగ్రెస్ చట్టం చేసి కొన్ని జిల్లాలను కలిపి ఒక ప్రాంతంగా గుర్తిస్తుంది. అక్కడి భూములు ప్రభుత్వానివి కావు, జనం అక్కడే బతుకుతుంటారు. జాతీయ పార్కుల విభాగం సలహా, కొంత నిధి ఇస్తుంది. స్థానికులు దానికి తమ వాటా కలపాలి. పిట్స్‌బర్గ్ చుట్టూ 8 కౌంటీలతో 1996లో ఏర్పడిన రివర్స్ ఆఫ్ స్టీల్ ఇటువంటిదే. క్యారీ ఫర్నేసులకు దానితో పాటు 2006లో జాతీయ చారిత్రక స్థలం హోదా విడిగా వచ్చింది. ఒకే చోటికి రెండు మూడు హోదాలు ఉండటం మంచిదే.

వందేళ్లు కూడా నిండని ఫర్నేసుకు హోదా ఎవరిస్తారు?

ఇస్తారు. మెక్సికోలోని మొంటెర్రేలో 1968లో మొదలైన మూడో నంబర్ ఫర్నేసు, 1986లో కంపెనీ దివాలా తీశాక, 2007లో మ్యూజియంగా తెరుచుకుంది. పరిశ్రమల వారసత్వం కోసం పనిచేసే అంతర్జాతీయ సంఘం టిక్కి 2003లో రష్యాలోని నీజ్నీ తగీల్‌లో ఒక ప్రకటన ఆమోదించింది. యంత్రాలు, కాగితాలు, నైపుణ్యాలు, కార్మికుల జ్ఞాపకాలు అన్నీ వారసత్వంలో భాగమే అన్నది ఆ ప్రకటన సారం. మీ చట్టంలో వయసు పరిమితి ఉంటే రాష్ట్ర స్థాయి, నగర స్థాయి నిబంధనలు వెతకండి. వందేళ్లు నిండేదాకా ఆగుదామంటే అప్పటికి కాపాడటానికి ఏదీ మిగలదు.

ఇంకా నడుస్తున్న కర్మాగారంలో ఒక భాగానికి రక్షణ ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు. జపాన్‌లోని యహాటా స్టీల్ వర్క్స్‌లో 1899 నాటి మొదటి కార్యాలయ భవనం 2015లో ప్రపంచ వారసత్వంలో చేరింది. అది పనిచేస్తున్న కర్మాగారం లోపలే ఉంది కాబట్టి జనం దగ్గరగా ఏర్పాటు చేసిన చోటు నుంచి చూస్తారు. నడుస్తున్న కంపెనీకి గోడలు కాపాడే మనుషులు, డబ్బు రెండూ ఉంటాయి. మాట్లాడటానికి అదే సరైన కాలం.

## తుప్పు, విషం, మరమ్మతు

ఇంత ఇనుమును తుప్పు పట్టకుండా ఆపగలమా?

పూర్తిగా ఆపలేం, నెమ్మది చేయగలం. కర్మాగారం నడిచినన్నాళ్లు వేడి ఉండేది, రంగు వేసే మనుషులు ఉండేవారు. ఆగిన మరుసటి వానాకాలం నుంచే లెక్క మారుతుంది.

దగ్గరికి వెళ్లి చూస్తే తుప్పు అంతటా ఒకేలా ఉండదు. ఎత్తైన గోడ మీద ఎర్రటి పొర కనిపించి భయపెడుతుంది కానీ అది చాలావరకు పైపైదే. ప్రమాదం రెండు రేకులు కలిసే అతుకులో ఉంటుంది. అక్కడ ఏళ్ల తరబడి పడిన ఖనిజపు ధూళి, బొగ్గు పొడి ముద్దగా చేరి వాన వెలిశాక కూడా తడిగానే ఉంటాయి. ఆ తడిలో పుట్టిన తుప్పు తాను తిన్న ఇనుము కన్నా అనేక రెట్లు చోటు ఆక్రమించుకుంటుంది. రేకులను విడదీస్తుంది, రివెట్ల తలలను లాగి తెంపుతుంది. అందుకే అనుభవజ్ఞులు రంగు డబ్బాతో మొదలుపెట్టరు, పారతో, చీపురుతో మొదలుపెడతారు. ధూళి తీయడం, నీరు నిలిచే చోట చిన్న రంధ్రం పెట్టి దారి ఇవ్వడం, పైకప్పు, గట్టర్లు బాగుచేయడం: ఈ మూడూ ఏటా తప్పకుండా చేస్తే దశాబ్దాలు కలిసివస్తాయి.

రంగు వేసి కొత్తదానిలా మెరిపించాలా, ఉన్నట్టు ఉంచాలా?

నా అభిప్రాయం స్పష్టం: బరువు మోసే భాగాలకు రక్షణ పూత, మిగిలిన చోట్ల ఉన్న రూపమే. కొత్త రంగు కింద నంబర్లు, సుద్దతో గీసిన గీతలు, ఎన్నో చేతులు పట్టి నున్నబడిన వాల్వు చక్రాలు అన్నీ కప్పుకుపోతాయి. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి గీకేముందు పరీక్ష తప్పనిసరి.

నేలంతా విషం కదా, జనాన్ని ఎలా రానిస్తారు?

ప్రశ్న న్యాయమైనదే. కోక్ ఓవెన్లు ఉన్న చోట తారు, బెంజీన్, సైనైడ్ సమ్మేళనాలు నేలలో దిగి ఉంటాయి. పాత పైపుల చుట్టూ ఆస్బెస్టాస్ ఉంటుంది. పరీక్షలు చేయించకుండా ఒక్క సందర్శకుణ్ని కూడా లోపలికి పంపకూడదు.

అయితే స్థలం మొత్తం తవ్విపోయాల్సిన అవసరం ప్రతిచోటా రాదు. జర్మనీలోని డూయిస్‌బర్గ్‌లో 1985లో మూతపడిన కర్మాగారాన్ని పీటర్ లాట్స్ అనే ల్యాండ్‌స్కేప్ నిపుణుడు పార్కుగా మలిచాడు. సుమారు 180 హెక్టార్ల ఆ స్థలంలో విషం ఎక్కువ ఉన్న మట్టిని పాత బంకర్లలో మూసి ఉంచారు. తక్కువ ఉన్న చోట్ల మొక్కలను పెరగనిచ్చారు, నడకదారులను ఎత్తుగా వేశారు. 45 మీటర్ల వెడల్పు, 13 మీటర్ల లోతు ఉన్న గ్యాస్ ట్యాంకును నీటితో నింపితే అందులో ఇప్పుడు డైవింగ్ నేర్పుతున్నారు. ఎక్కడ నడవవచ్చు, ఎక్కడ తాకవచ్చు, ఎక్కడికి వెళ్లకూడదు అన్న పటం ముందు, తెరవడం తర్వాత. ఈ వరుస తప్పకూడదు.

గోడల్లో చెట్లు మొలుస్తున్నాయి, కొట్టేయాలా?

ఇటుకలోకి, అతుకుల్లోకి వేరు దిగేవాటిని చిన్నప్పుడే తీసేయాలి. ఖాళీ నేల మీద పెరిగేవాటిని ఉండనివ్వండి.

## డబ్బు, కొత్త ఉపయోగం

ఇంత ఖర్చు ఎవరు భరిస్తారు?

ఎవరో ఒక్కరే భరించిన చోటు దాదాపు లేదు. అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో స్లాస్ ఫర్నేసులు 1882 నుంచి 1971 దాకా నడిచాయి. తర్వాత కూల్చేద్దామనుకున్నారు. స్థానికులు ఉద్యమం చేశారు. 1977లో నగర ఓటర్లు 33 లక్షల డాలర్ల బాండ్లకు, అంటే నగరం అప్పు తెచ్చి పన్నులతో తీర్చడానికి, ఒప్పుకున్నారు. 1981లో జాతీయ చారిత్రక స్థలం హోదా వచ్చింది, 1983లో మ్యూజియంగా తెరుచుకుంది. జనం తమ పన్నుల నుంచి ఇవ్వడానికి ముందుకొచ్చారన్నదే నాకు ఇందులో పెద్ద విషయం.

ఇతర దారులూ ఉన్నాయి. అమెరికాలో ఆదాయం ఇచ్చే చారిత్రక భవనాన్ని నిబంధనల ప్రకారం బాగుచేస్తే ఖర్చులో 20 శాతం పన్ను రాయితీ వస్తుంది. పక్క భూమిని అభివృద్ధి చేసిన సంస్థ నుంచి నిర్వహణ నిధి రాబట్టవచ్చు. లెక్క వేసేటప్పుడు కూల్చివేత ఖర్చు, నేల శుద్ధి ఖర్చు కూడా పక్కన రాయండి. ఏదీ ఉంచకపోయినా ఆ డబ్బు పెట్టక తప్పదు. కాపాడటానికి అయ్యే ఖర్చును సున్నాతో పోల్చడం తప్పుడు లెక్క.

కచేరీలు, ఆటలు, కాలేజీలు పెడితే ఆ చోటు విలువ పోదా?

ఖాళీగా ఉంచితే విలువ ఇంకా తొందరగా పోతుంది. ఒస్ట్రావాలో పాత గ్యాస్ ట్యాంకు ఇప్పుడు కచేరీ హాలు. లక్సెంబర్గ్‌లోని బెల్వాల్‌లో ఫర్నేసుల పక్కనే విశ్వవిద్యాలయం ఉంది. బీజింగ్‌లోని షౌగాంగ్ కర్మాగారం శీతలీకరణ టవర్ల పక్కన 2022 శీతాకాల ఒలింపిక్స్‌లోని కొన్ని స్కీయింగ్ పోటీలు జరిగాయి.

హద్దు ఎక్కడంటే, కొత్త పని పాత యంత్రాన్ని కదిలించకూడదు, చేర్చినదాన్ని రేపు తీసేసినా పాతదానికి దెబ్బ తగలకూడదు. స్లాస్‌లో ఇప్పటికీ పోత పోయడం నేర్పుతారు. ఇనుము చేసిన చోట ఇనుము చేతికి తగలడం కన్నా తగిన ఉపయోగం నాకు తోచదు.

చూడటానికి వచ్చినవాళ్లకు ఈ పైపుల చిక్కుముడి అర్థమవుతుందా?

ఒక్క చోట నిలబెట్టి ఒక్క పని చెబితే అర్థమవుతుంది. పోత జరిగే నేల దగ్గర ఆపండి. కొలిమి అడుగున మట్టితో మూసిన రంధ్రం చూపండి. డ్రిల్లుతో ఆ మట్టిని తొలిస్తే దాదాపు 1500 డిగ్రీల వేడితో ఇనుము దూకి వచ్చేది. నేల మీద ఇసుకతో కట్టిన కాలువలో అది పారేది. తేలికైన స్లాగ్ (కరిగిన మడ్డి) పైన తేలుతుంది కనుక అడ్డుకట్ట దగ్గర అది పక్క కాలువలోకి మళ్లేది, ఇనుము కింద నుంచి ముందుకు సాగేది. పని అయ్యాక రంధ్రంలోకి మళ్లీ మట్టి కొట్టేవారు. పొలానికి నీళ్లు మళ్లించిన మనిషికి ఈ కాలువల సంగతి చిటికెలో అర్థమవుతుంది. ఆ ఇసుక కాలువలను ఊడ్చేసి సిమెంటు చేయించిన చోట మిగిలేది ఒక పెద్ద షెడ్డు.

## మనుషులు, జ్ఞాపకాలు

ఉద్యోగాలు పోయినవాళ్లకు ఇదంతా గాయం కెలకడం కాదా?

కొందరికి అవును. ఆ మాట వినాలి, వాదించి నోరు మూయించకూడదు. అందుకే నిర్ణయాల్లో పాత కార్మికులకు చోటు ఉండాలి. ప్రారంభోత్సవానికి పిలిచి శాలువా కప్పితే సరిపోదు. ఏది ఉంచాలో, ఏ పేరుతో పిలవాలో వాళ్లే చెప్పాలి. మరమ్మతులో, మార్గదర్శకుల ఉద్యోగాల్లో వాళ్లకూ వాళ్ల పిల్లలకూ ముందు అవకాశం ఇవ్వాలి. బాధను దాచాల్సిన పని కూడా లేదు. 1892లో హోమ్‌స్టెడ్ సమ్మెలో కార్మికులకు, కంపెనీ రప్పించిన పింకర్టన్ అనే ప్రైవేటు కాపలా సంస్థ సాయుధులకు మధ్య నది ఒడ్డున కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ ఒడ్డున ఉన్న పంప్ హౌస్‌ను అందుకే కాపాడి ఉంచారు.

ఆ కర్మాగారానికి చీకటి చరిత్ర ఉంటే దాన్ని గొప్ప చేయడం తప్పు కాదా?

దాచిపెట్టడం తప్పు. ఫోల్క్‌లింగెన్‌లో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేలమందితో బలవంతంగా పని చేయించారు. యజమాని హెర్మన్ రోష్లింగ్‌కు యుద్ధం తర్వాత శిక్ష పడింది. ఆ కార్మికుల స్మృతికి కళాకారుడు క్రిస్టియన్ బోల్టాన్‌స్కీ చేసిన నిర్మాణం అదే ప్రాంగణంలో ఉంది. రక్షణ హోదా మెచ్చుకోలు పత్రం కాదు, సాక్ష్యం చెరిగిపోకుండా ఉంచే ఏర్పాటు.

కార్మికుల అనుభవాలు రికార్డు చేయాలంటే ఏం అడగాలి?

ఇంట్లో కుర్చీలో కూర్చోబెట్టి మీ జీవితం గురించి చెప్పండి అంటే రెండు ముక్కల్లో ముగిస్తారు. వాళ్లు నిలబడిన చోటికే తీసుకెళ్లండి. ఈ లివరు ఎందుకు, ఏ చప్పుడు వింటే పరుగెత్తేవారు, మంట రంగు చూసి ఏం తెలుసుకునేవారు, అన్నం ఎక్కడ తినేవారు అని అడగండి. చేయి దానంతట అదే లివరు మీదకు వెళ్తుంది, మాట దాని వెనక వస్తుంది. క్యాంటీన్‌లో వండినవాళ్లను, ఊడ్చినవాళ్లను, కాంట్రాక్టు కూలీలను వదిలేయకండి. వాళ్ల పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ దొరకకపోవచ్చు.

కూల్చివేత ఖాయమైపోయింది. ఇక చేయగలిగింది లేదా?

ఉంది. జర్మన్ ఫొటోగ్రాఫర్లు బెర్న్‌ట్, హిల్లా బెచర్ దంపతులు ఏళ్ల తరబడి బ్లాస్ట్ ఫర్నేసులను, గ్యాస్ ట్యాంకులను ఒకే పద్ధతిలో, ఎదురుగా, మబ్బు పట్టిన వెలుతురులో ఫొటోలు తీశారు. వాటిలో చాలా కట్టడాలు ఇప్పుడు ఆ ఫొటోల్లోనే ఉన్నాయి. మీరూ అలాగే తీయండి: నాలుగు వైపుల నుంచి, కొలత కర్ర పెట్టి, తేదీ రాసి. వీలైతే లేజర్ స్కాన్ చేయించండి. డ్రాయింగులను ప్రభుత్వ భాండాగారానికి అప్పగించి రసీదు తీసుకోండి. కాంట్రాక్టర్‌ను అడిగి ఒక కంట్రోల్ ప్యానెల్, కరిగిన లోహం మోసే ఒక లాడిల్, హాజరు పట్టీ బోర్డు, షిఫ్టు గంట పక్కకు తీయించండి. ఇవన్నీ ఒక లారీలో పడతాయి. లారీ వచ్చే రోజున పాత ఫోర్‌మన్‌ను కూడా రమ్మనండి, ఏ వస్తువు ఏ చోటిదో ఆయన చెబుతుంటే చీటీ రాసి దానికే కట్టండి.